బతికుండగానే కట్టిన పటం

దిన్నెమీదిపల్లెలో ఒక ఆడమనిషిని ఊరంతా కలిసి మెచ్చుకోవాలంటే ఆమె చేయవలసింది ఒక్కటే, చచ్చిపోవడం. ఇందులో ఊరివాళ్ళ పిసినారితనం ఏమీ లేదు. బతికున్న మనిషిని మెచ్చుకుంటే దిష్టి తగులుతుందని వాళ్ళ భయం. కదిరమ్మకు యాభై రెండేళ్ళు నిండేదాకా ఆమెకు దిష్టి తగలకుండా ఊరు ఎంతో జాగ్రత్తగా కాచుకుంది. పొరపాటున కూడా ఒక మంచిమాట జారవిడవలేదు.

గోరంట్ల నుంచి కదిరి వైపు పోయే దారిలో ఉంటుంది ఆ ఊరు. వాన పడితే వేరుశనగ, పడకపోతే ఆకాశం చూడడం అక్కడి వ్యవసాయం. ఏమీ పండని ఏడు కూడా చింతచెట్లు మాత్రం కాస్తాయి. అందుకని మాఘమాసం నుంచి ఉగాది దాటేదాకా ఊరి ఆడవాళ్ళు పదకొండు మంది రామాంజనేయులు రేకుల షెడ్డులో కూర్చుని, చింతకాయ పెంకు కొట్టి, పీచు లాగి, గింజ తీసి పండు వేరు చేస్తారు. షెడ్డు రామాంజనేయులుది, ఎండ దేవుడిది, నడుంనొప్పి ఆడవాళ్ళది. ఎవరి భాగం వాళ్ళకు ఏనాడో పంచి పెట్టేశారు.

కదిరమ్మ పెళ్ళయి వచ్చిన ఏడాది నుంచీ ఆ షెడ్డులోనే ఉంది. మొగుడు పోయి పదేళ్ళయింది. ఒక్క కూతురిని బత్తలపల్లెకు ఇచ్చింది. ముప్పై ఏళ్ళుగా చింతపండు పులుపు తగిలి తగిలి ఆమె వేళ్ళ మీద గీతలన్నీ అరిగిపోయాయి. ఆరోగ్యం కార్డు కోసం పోయినప్పుడు మిషను మీద వేలు పెడితే ఎర్రలైటు వెలిగింది. పది వేళ్ళూ పెట్టి చూసింది. పదిసార్లూ ఎర్రదే. మిషను దగ్గరి మనిషి మంచివాడు. "ఏం చేసేదమ్మా, నువ్వు ఉండావని మిషను ఒప్పుకోల్యా" అని మర్యాదగా చెప్పి, తాగడానికి చల్లటి నీళ్ళు ఇచ్చి పంపాడు. షెడ్డులో ఏడుగురిది ఇదే కథ. కార్డు లేనివాళ్ళు జబ్బు పడకూడదన్నది అందరికీ తెలిసిన సంగతే కాబట్టి వాళ్ళు చేతనైనంతవరకు పడేవాళ్ళు కాదు. పడినా పైకి చెప్పేవాళ్ళు కాదు.

అయినా రెండేళ్ళ కిందట కదిరమ్మకు జబ్బు బయటపడింది. అది ఆమె చేసుకున్న పొరపాటు. గోరంట్ల స్కూలు మైదానంలో ఒక సంస్థవాళ్ళు ఉచిత వైద్యశిబిరం పెడితే మోకాలు చూపించుకుందామని పోయింది. మోకాళ్ళ వరస ఎండలో మైదానం చివరిదాకా ఉంది. పక్కన షామియానా కింద ఇంకో వరస ఉంది. అందులో మనుషులే లేరు. ఇంత మంచి నీడను జనం ఎందుకు వదిలేశారో అని కదిరమ్మ జాలిపడి అక్కడికి పోయి నిలబడింది. అది ఆడవాళ్ళ క్యాన్సర్ పరీక్షల వరస. ఆ సంగతి తెలిసే అందరూ ఎండను కోరుకున్నారు. నర్సు లోపలికి పిలిచి ఆ ప్రశ్నలూ ఈ ప్రశ్నలూ అడిగితే, "నేను మోకాలికి వచ్చినా తల్లీ" అని చెప్పడానికి మొహమాటపడి పరీక్ష చేయించుకుంది. గర్భసంచి మూతి దగ్గర తెగులు మొదలవుతున్నదని తేలింది. అనంతపురంలో ఒక ధర్మాసుపత్రిలో చిన్న ఆపరేషన్ చేశారు. పైసా అడగలేదు. మూడు వారాల్లో మళ్ళీ చింతపండు ముందు కూర్చుంది.

ఊరికి మాత్రం కణేకల్‌లో వరికోతలకు పోయి వచ్చానని చెప్పింది. కాలువ కింద మూడు వారాలు కోత కోసి వచ్చిన మనిషి నల్లబడకుండా, తేటపడి వచ్చిందేమని ఎవరూ అడగలేదు. ఇంకొకరి ఒంటిని అంత పరీక్షగా చూసే అలవాటు ఊరికి లేదు. నిజం తెలిసింది కదిరి నరసింహస్వామికి ఒక్కడికే. రెండేళ్ళు దాటి ప్రాణంతో ఉంటే తలనీలాలు ఇస్తానని ఆయనకు మొక్కుకుంది.

ఆ రెండేళ్ళూ నిండే సమయంలోనే పక్కింటి లక్ష్మక్క సంగతి కదిరమ్మ కంటపడింది.

లక్ష్మక్కకు నలభై ఎనిమిదేళ్ళుంటాయి. మొగుడు చౌడప్ప గొర్రెలు కాస్తాడు. రోజూ తెచ్చుకున్న మజ్జిగలో సగం కదిరమ్మ చెంబులో పోసి, ఆ తర్వాతే తను తాగే మనిషి ఆమె. ఆ ఏడు షెడ్డులో నలుగురితో కలిసి కూర్చోవడం మానేసి, ఒక మూలకు జరిగి, గోనెపట్ట మడిచి దాని మీద కూర్చుంటోంది. సంచిలో పాతగుడ్డలు తెచ్చుకుంటోంది. లేవగానే వెనక్కి తిరిగి గోనెపట్ట చూసుకుంటోంది. ఒకప్పుడు కదిరమ్మ కూడా సరిగ్గా అట్లాగే చూసుకునేది. ఆమె పక్కకు జరిగి, గొంతు తగ్గించి అడిగింది.

"లక్ష్మీ, నీకు ముట్టు నిలిచి ఎన్నేండ్లాయ?"

"మూడేండ్లాయ. యాల?"

"మరి ఆ గుడ్డలేంది?"

లక్ష్మక్క తల ఎత్తలేదు. "ఒళ్ళు వేడి చేసిందిలే అక్కా. సబ్జాగింజలు నానబెట్టి తాగుతాండా."

"ఎన్నాళ్ళ నుంచి తాగుతాండావు?"

"దసరా నుంచి."

"దసరా నుంచి తగ్గని వేడి ఏం వేడే? గోరంట్లకు ఆ సంస్థోళ్ళు మళ్ళీ వస్తారంట. పోదాం రా."

"ఆ లైన్లో నిలబడితే ఊరు ఊరుకుంటాదా? ఇంటికి వచ్చేలోపల నాకు పాడె కట్టి పెడతారు. నాకొద్దక్కా."

నాకూ ఇట్లాగే వచ్చింది, చూడు, నేను బతికే ఉన్నాను అని ఒక్కమాట చెబితే సరిపోయేది. ఆ మాట కదిరమ్మ గొంతుదాకా వచ్చింది. చుట్టూ తొమ్మిది జతల చెవులు కనబడ్డాయి. మాటను తిరిగి లోపలికి పంపి, గింజ తీసుకుంటూ కూర్చుంది.

దేవుడు ఆమె పిరికితనాన్ని చూసి జాలిపడ్డాడో ఏమో, మరుసటి వారమే నందిని అనే అమ్మాయిని పంపాడు. నందినిది ఆ సంస్థే. మెడలో కెమెరా వేసుకుని ఊరూరూ తిరిగి, పరీక్ష చేయించుకుని బాగుపడినవాళ్ళ ఫోటోలు తీసి, వాళ్ళ కథలు రాసి, ఆ ఊళ్ళలోనే పెడుతుందట. కార్డులేని ఆడవాళ్ళు వాటిని చూసి ధైర్యం తెచ్చుకుని పరీక్షకు రావాలని ఆలోచన. వచ్చిన పని కదిరమ్మ చెవిలో మాత్రమే చెప్పి, కెమెరా తీయకముందు నందిని రోజంతా షెడ్డులో కూర్చుని చింతకాయలు కొట్టింది. సాయంత్రానికి గుప్పెడు పండు, రెండు వేళ్ళకు బొబ్బలు తేలాయి. ఆ గుప్పెట్లో సగం గింజలే.

"పాపా, నువ్వు ఇట్ల కొడితే మాకు కూలి కాదు, జరిమానా వేస్తారు" అని కదిరమ్మ ఆ బొబ్బలకు కొబ్బరినూనె రాసింది. రాస్తూ రాస్తూ ఫోటోకు ఒప్పేసుకుంది. తన నోరు చేయలేని పని ఫోటో చేస్తుందని ఆశ. తను పలకనక్కరలేదు, లక్ష్మక్కే ఎవరిచేతనైనా చదివించుకుంటుంది. ఇంత సుఖమైన ధైర్యం ఇంకెక్కడ దొరుకుతుంది.

ఫోటో బాగా వచ్చింది. నీలం చీర, ఒడిలో చింతపండు, పళ్ళన్నీ కనబడే నవ్వు. కథ మాత్రం ఆఫీసులో ఎవరో మంచి తెలుగులోకి మార్చారు. కదిరమ్మ చెప్పిన నీడ, మోకాలు, మొహమాటం అన్నీ పోయి వాటి చోట ఇవి వచ్చాయి: ధైర్యానికి మారుపేరు, శ్రమకు నిలువెత్తు రూపం, పల్లెతల్లి కదిరమ్మ, క్యాన్సర్‌పై ఆమె సాగించిన పోరాటం మనందరికీ ఆదర్శం, శనివారం గోరంట్లలో, ఉచితం, అందరూ రావలెను.

ఆ కాగితం, ఫోటో కలిపి పటం కట్టడానికి గోరంట్లలో తిప్పేస్వామికి ఇచ్చారు. తిప్పేస్వామి నలభై ఏళ్ళుగా పటాలు కడుతున్నాడు. దేవుళ్ళు, చనిపోయినవాళ్ళు తప్ప మూడోరకం ఆయన దుకాణం గడప తొక్కలేదు. పెళ్ళిళ్ళవాళ్ళు ఆల్బం చేయించుకుంటారు, బతికున్న మనిషి ఒంటిగా అద్దంలో ఎక్కి గోడకు వేలాడాలని ఆ చుట్టుపక్కల ఎవరూ కోరరు. తిప్పేస్వామి ఫోటో చూశాడు. చీర చూశాడు, చేతులు చూశాడు. కూలిచేసుకునే తల్లి, పాపం, అనుకున్నాడు. పేదవాళ్ళ పటాలకు గంధపుచెక్క దండ ఊరికే వేయడం ఆయన పెట్టుకున్న నియమం. ఎవరికీ చెప్పుకోని పుణ్యం అది. ఆ పుణ్యమే కదిరమ్మకూ చేశాడు. అద్దం మీద ఆమె నుదుటి దగ్గర కుంకుమబొట్టు పెట్టాడు. పైన చిన్న ఎర్రబల్బు కూడా బిగించాడు.

బెంగళూరులో పెరిగిన నందిని దాన్ని చూసి, "ఎంత అందంగా చేసినారన్నా" అని చేతులు జోడించింది. మంగళవారం సాయంత్రం దిన్నెమీదిపల్లె పాలకేంద్రం గోడకు తగిలించి, బల్బు వెలిగించి, ఇంకో ఊరికి పోయింది.

కదిరమ్మ ఊళ్ళో లేదు. సోమవారమే కదిరి తేరు చూడడానికి బస్సెక్కింది.

పాలచెంబులతో వచ్చిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. షెడ్డులో అందరికంటే పెద్దది బయమ్మ. ఐదో తరగతి దాకా చదివింది కాబట్టి చావు, పెళ్ళి కాగితాలన్నీ ఊరికి ఆమే చదివి పెడుతుంది. గొంతు సవరించుకుని చదివింది.

"ధైర్యానికి మారుపేరు... నిలువెత్తు రూపం... ఎవురప్పా ఈమె?"

"కదిరమ్మే అత్తా. కనబడల్యా?"

"కనబడతాంది గానీ ఇంత మంచిగా రాసినారే." బయమ్మ గొంతు దిగింది. "అయితే పోయిందన్నమాట."

"నిన్న గదా బస్సెక్కింది."

"ఎక్కేది సూసినాం. దిగేది సూసినామా?"

ఎవరో ఫోను చేశారు. స్విచ్చాఫ్. ఇక అనుమానం ఎవరికీ మిగల్లేదు. ఒంటి ఫోటో, దండ, ఎర్రబల్బు, పైగా పొగడ్త. కూలి చేసే ఆడదాన్ని ఇంతగా పొగిడారంటే ఆమె ప్రాణంతో ఉందని ఏ తెలివిగలవాడూ అనుకోడు.

"శనివారం గోరంట్లలో అందరూ రావలెనంట. దివసాలు ఆడ యాల చేస్తాండారు?"

"ఆ సంస్థోళ్ళే చేస్తాండారేమో. ఉచితం అని రాసినారు సూడు."

"క్యాన్సరంట. రెండేండ్ల కిందట కణేకల్ పోతానని యాడికి పోయిందో ఇప్పుడు తెలిసె. పరీక్ష చేయించుకునింది, పోయింది."

ఈ చివరిమాట బయమ్మదే. లక్ష్మక్క పాలచెంబు అక్కడే పెట్టి, గోడ పట్టుకుని కూర్చుంది. పరీక్ష చేయించుకుంటే ఏమవుతుందో ఆమెకు ఆ క్షణంలో అద్దాల పటంలో తేటతెల్లంగా కనబడింది.

బుధవారం మధ్యాహ్నానికి కదిరమ్మ గుమ్మం ముందు ఇరవై మంది చేరారు. శవం ఎప్పుడు వస్తుందో, ఎక్కడి నుంచి వస్తుందో ఎవరికీ తెలియదు. బత్తలపల్లెలో కూతురికి ఫోను చేసే పని ఒకరి మీద ఒకరు వేసుకున్నారు. ఆ పిల్లకు ఈ మాట చెప్పే పాపం తమకెందుకని ఎవరూ చేయలేదు. ఆ ఒక్క పిరికితనం మాత్రం ఆ రోజు నిజంగా మేలు చేసింది.

కదిరమ్మ అదే సమయానికి రోడ్డు మలుపు దగ్గర బస్సు దిగింది. గుండు మీద కొంగు కప్పుకుని, చేతిలో ప్రసాదం, దవనం పట్టుకుని ఇంటి వెనక సందులో నుంచి వస్తోంది. ఫోను చార్జింగ్ సోమవారమే అయిపోయింది. తన ఇంటి ముందు తన పేరు పెట్టి ఎవరో ఏడుస్తుంటే గోడ చాటున ఆగింది. చాటు నుంచి వినడం తప్పని ఆమెకు తెలుసు. అయితే యాభై రెండేళ్ళలో మొదటిసారి ఊరు తనను పొగుడుతుంటే వెంటనే పోయి ఆపడం కూడా మర్యాద కాదనిపించింది.

"ముప్పై ఏండ్లు నా షెడ్లో కూసునింది" అంటున్నాడు రామాంజనేయులు. ఆయన గొంతులో నిజంగానే తడి ఉంది. "పండులో ఒక్క గింజ వదల్లేదు. ఒక్కనాడు లీవు అడగల్యా. అడిగింటే కాదంటానా? ఆయమ్మ ఏమడిగినా ఇచ్చేటోన్ని."

కూతురి కాన్పుకు ఒక పూట అడిగితే, సీజన్‌లో ఏం కాన్పులమ్మా అన్నది ఈయనే కదా అని కదిరమ్మ ఆలోచనలో పడింది.

"నాకు దగ్గొస్తే రోజూ మిరియాల కషాయం పెట్టిచ్చేది" అంది బయమ్మ. అది నిజమే. ఆ కషాయం బాగుందని ఆమె చెప్పడం మాత్రం ఇదే మొదలు. పొద్దున షెడ్డులో గాలి తగిలే కదిరమ్మ చోటులోకి తన గోనెపట్ట జరుపుకుని వచ్చిందన్న సంగతి ఆమె చెప్పలేదు.

ఆ తర్వాత లక్ష్మక్క గొంతు. "అక్కా, పిలిస్తివే. నేనే రానంటి. ఇంకొక్కసారి పిలువక్కా. నీ ఎనకాలే వస్తా. యాడికైనా వస్తా."

కదిరమ్మకు ఇక గోడచాటున నిలబడడం చేతకాలేదు.

"యాడికైనానా?" అని వెనక నుంచి అడిగింది.

ఎవరూ అరవలేదు. అరవడానికి కూడా కొంత ఊపిరి కావాలి. గుండుతో నిలబడిన కదిరమ్మను ఇరవై మందీ పైనుంచి కిందికి చూశారు. కాళ్ళు నేలకు ఆనుతున్నాయా లేదా అని కూడా చూశారు. అందరికంటే ముందు తేరుకున్నది బయమ్మ.

"సూడండే, ఆ పరీక్షకు ఎంటికలు గూడా పోయినాయి."

"ఎంటికలు స్వామికిచ్చినా అత్తా. ఇంద, ప్రసాదం తీసుకో. ఏడ్చి ఏడ్చి గొంతు ఎండింటాది."

లక్ష్మక్క వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. వేడిగా ఉందని తెలిశాక వదల్లేదు.

విషయం తెలియడానికి పాలకేంద్రం దాకా పోవలసి వచ్చింది. దండలో నుంచి నవ్వుతున్న తనను కదిరమ్మ కాసేపు చూసింది. బొట్టు కూడా చక్కగా పెట్టారనుకుంది. వెనకనే ఊరు వచ్చింది. బతికున్న మనిషికి దండ వేస్తే ఆయుష్షు క్షీణమని, పటం ఇప్పుడే దించి ఏట్లో కలపాలని ఒకరన్నారు. తప్పంతా ఆ సంస్థవాళ్ళదని ఇంకొకరన్నారు.

"అవునప్పా" అంది బయమ్మ. "సావని మనిషిని సంపినోళ్ళు, లేని జబ్బు అంటగట్టరా? క్యాన్సరంట. ఈయమ్మకు యాడిది? అదీ తప్పే అయింటాది, ఏమ్మే కదిరీ?"

ఇంత మంచి దారి ఎవరికి దొరుకుతుంది. అవునత్తా, తప్పే, అంటే చాలు. ఊరు నమ్మడానికి సిద్ధంగా ఉంది. రెండేళ్ళు దాచుకున్నది అట్లాగే దాగిపోతుంది. నోరు తెరవబోయి కదిరమ్మ పక్కకు చూసింది. లక్ష్మక్క ఇంకా చెయ్యి వదల్లేదు. కన్ను ఆర్పకుండా కదిరమ్మ నోటినే చూస్తోంది.

"తప్పు గాదత్తా" అంది కదిరమ్మ. "దండ తప్పు. జబ్బు నిజమే."

బయమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

"నేనేం ధైర్యంగా పోల్యా. మోకాలికని పోయి, ఎండకు తాళలేక నీడ ఉండే లైన్లో నిలబడినా. అది ఈ లైనని తెలిసింటే నేనూ పరిగెత్తేదాన్ని. లోపల బల్ల మీద పండుకోమన్యారు. సిగ్గయ్యింది. కండ్లు మూసుకుని నరసింహా, నరసింహా అనుకునేలోపల అయిపోయింది, లేమ్మా అన్యారు. నొప్పి గూడా పెద్దగా లేదు, ఒక ఇంజక్షన్ అంత. ముందే దొరికిందని సన్నపాటి ఆపరేషన్ చేసి పంపించినారు. ఇంకో ఏడు ఊరుకునింటే ఈ దండ నిజమే అయితాండె."

"మరి కణేకల్?" అంది బయమ్మ.

"కణేకల్ ఎట్లుంటాదో నేను సూడనే ల్యా."

"మాకు వరి గురించి అంత సెప్తివే. కాలువ గట్టు మీద పాము గూడా సూసినానంటివి."

"పాము నేను కల్పించిందే అత్తా."

క్యాన్సర్ కంటే ఆ పాము విషయంలోనే బయమ్మ ఎక్కువ నొచ్చుకుంది.

కదిరమ్మ కుర్చీ ఎక్కి దండ తీసింది. బల్బు ఆర్పింది. పటం మాత్రం దించలేదు. కిందికి దిగి రామాంజనేయులు ముందు నిలబడింది.

"అన్నా, నేను ఏమడిగినా ఇచ్చేటోన్ని అంటివి."

"అది..." రామాంజనేయులు అటూ ఇటూ చూశాడు. "నువ్వు లేవని అన్యా గదమ్మా."

"సచ్చినోళ్ళకే ఇస్తావా, ఉండేటోళ్ళకు గూడా ఏమన్నా ఉండాదా?"

ఇరవై మంది చూస్తున్నారు. కళ్ళు తుడుచుకున్న టవలు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. "ఏం కావల్ల?"

"శనివారం షెడ్డుకు లీవు. పదకొండు మందికీ. గోరంట్లకు పోయి రావడానికి చింతపండు మూటల బొలెరో."

"సీజన్లో? పదకొండు మందీనా? నువ్వేదో ఇద్దరు ముగ్గురిని..."

"పదకొండు మందీ అన్నా."

ఎందుకో ఆమె చెప్పలేదు. ఒకరో ఇద్దరో పోతే ఎవరికేముందోనని ఊరు వేలు పెట్టి చూపిస్తుంది. అందరూ పోతే చూపించడానికి ఊరి దగ్గర అన్ని వేళ్ళు ఉండవు. లక్ష్మక్క పేరు ఆమె నోట రాలేదు, కళ్ళు కూడా అటు పోలేదు. రామాంజనేయులు కాసేపు గొణిగి, "డీజిల్ గూడా నాదేనా?" అని అడిగి, "సరేలే, నాదే" అని తనకు తానే జవాబు చెప్పుకుని పోయాడు.

గురువారం నందిని వచ్చి తలుపు దగ్గరే ఏడ్చింది. ఆమె వెనక స్కూటర్ మీద తిప్పేస్వామి కూడా వచ్చాడు. "బతికుండేటోళ్ళ పటం నా చేతికి రాలేదమ్మా ఎప్పుడూ. అడిగింటే పోయేది. పేదోళ్ళను ఏం అడిగేదని అడగల్యా" అని రెండు చేతులూ జోడించాడు. కదిరమ్మ ఇద్దరికీ రాగిసంకటి పెట్టింది. దండ తిప్పేస్వామికి తిరిగి ఇచ్చేస్తూ, "ఇంకెవురికన్నా పనికొస్తాది, పెట్టుకోన్నా" అంది. తిప్పేస్వామి దాన్ని మడిచి సంచి అడుగున పెట్టుకున్నాడు.

శనివారం పొద్దున బొలెరో వచ్చింది. ఎక్కేముందు ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెప్పుకున్నారు. ఒకామెకు గోరంట్లలో గాజులు కొనాలి. ఒకామె అక్కను చూడాలి. "నేను ఊరికే తోడుకు వస్తాండా" అంది బయమ్మ. లెక్కకు పదకొండు మంది, అందరూ ఒకరికొకరు తోడు. పరీక్షకు పోయేవాళ్ళు బండిలో ఒక్కరూ లేరు.

అక్కడికి పోయాక మాత్రం తోడు వచ్చినవాళ్ళంతా వరసలో నిలబడ్డారు. బయమ్మ అందరికంటే ముందు పోయి, పది నిమిషాల్లో బయటికి వచ్చి, "నాకేం లేదంట" అని కొంచెం చిన్నబుచ్చుకున్న ముఖంతో చెప్పింది. లక్ష్మక్క వంతు వచ్చేసరికి ఆమె వెనక్కి తిరిగి కదిరమ్మ కొంగు పట్టుకుంది.

"నువ్వు గూడా లోపలికి రాక్కా."

కదిరమ్మ పోయింది. తెర లోపల ఆమె తల దగ్గర నిలబడి, చేయి పట్టుకుని, సీజన్ అయ్యాక రామాంజనేయులు ఇంకేమేమి ఇస్తాడో వరసగా చెప్పసాగింది. లక్ష్మక్క మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. నర్సు మాత్రం నవ్వలేదు. లైటు కొంచెం దగ్గరికి లాగి, ఇంకోసారి చూసి, ఒక కాగితం రాసింది. "సోమవారమే అనంతపురం పోవల్లమ్మా. ఆలస్యం చేయొద్దు. కార్డు లేకున్నా ఏం పర్వాల్యా, ఆడ మనోళ్ళు ఉంటారు." బయట నందిని కెమెరాను సంచిలో పెట్టి జిప్పు వేసేసింది. లక్ష్మక్క చెప్పులు తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టింది.

చౌడప్పకు ఆ సాయంత్రం చెప్పక తప్పలేదు. గొర్రెల దొడ్డి ముందు నిలబడి ఆయన కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. చదువు రాదు.

"దసరా నుంచా? నాకు ముందే చెప్పింటే ఏమయితాండె?"

"ఏమంటావో అని."

"ఏమంటా. గొర్రెకు పురుగు పడితే భుజం మీద వేసుకుని హిందూపురం దాకా నడిసినోన్ని. నిన్ను అనంతపురం తీసకపోనా?"

గొర్రెతో పోల్చినందుకు లక్ష్మక్క ఏడ్చిందో, ఇంకెందుకు ఏడ్చిందో ఆమెకే తెలియదు. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆయన ఇంత తీపిగా మాట్లాడింది లేదని మరుసటి రోజు షెడ్డులో అందరూ ఒప్పుకున్నారు.

ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరే. ఇంకా బయటికి పాకలేదు. ఇంకో ఆరు నెలలు పోయాక వచ్చి ఉంటే మాట వేరే అని డాక్టరమ్మ చెప్పింది. గర్భసంచి మొత్తం తీసేశారు. వాళ్ళు ఆసుపత్రిలో ఉన్న పది రోజులూ చౌడప్ప గొర్రెలను బయమ్మ మొగుడు తోలుకుపోయాడు. లక్ష్మక్క ఇంట్లో పొయ్యి వెలిగించే పని షెడ్డు ఆడవాళ్ళు వంతులు వేసుకున్నారు. ఆసుపత్రిలో తోడు కదిరమ్మ. రామాంజనేయులు ఈసారి లీవు అడగకముందే ఇచ్చాడు. ఇంకేమడుగుతుందోనని భయం కావచ్చు.

ఆపరేషన్ అయిన ఐదోరోజు పక్క మంచంలోకి సారా అనే ఆమె వచ్చింది. కళ్యాణదుర్గం పక్క పల్లె, ఇటుకల పని. ఆమెకూ కార్డు లేదు. చేతిలో బైబిలు పట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. ఆపరేషన్‌కు సంతకం పెట్టమని నర్సు రెండుసార్లు వచ్చి పోయింది.

"దేవుడు పిలిస్తే పోతా. నన్ను కోయొద్దండి" అంది సారా.

లక్ష్మక్క దిండుకు ఆనుకుని కూర్చుంది. "పిలిస్తే పోదువులేమ్మే, ఇప్పుడే యాల తొందర? ఇట్ల తిరుగు, ఒక కథ చెప్తా. మా ఊర్లో ఒకామె సచ్చిపోయి బతికొచ్చింది."

సారా ఇటు తిరిగింది.

లక్ష్మక్క చెప్పింది. ఆమె చెప్పిన కథలో దండ మల్లెపూలది. ఏడ్చినవాళ్ళు రెండొందల మంది. బొలెరో రెండు లారీలయింది. పదకొండు మందినీ కూడగట్టి గోరంట్లకు నడిపించింది లక్ష్మక్కే. చచ్చి బతికొచ్చినామె మాత్రం ఒక పక్కన ప్రసాదం పంచుతూ ఉండింది. కదిరమ్మ కిటికీ దగ్గర ఫ్లాస్కులో నుంచి కాఫీ పోస్తూ అంతా విన్నది. ఒక్కమాట కూడా దిద్దలేదు. పామును మాత్రం ఎందుకు వదిలేసిందా అనుకుంది.

"లోపల భయం కాల్యా నీకు?" అని అడిగింది సారా.

"కాకేం. మా అక్క చెయ్యి పట్టుకుని నిలబడింది."

"ఆమె యాడుండాది ఇప్పుడు?"

లక్ష్మక్క గడ్డంతో కిటికీ వైపు చూపింది. సారా కదిరమ్మ నెత్తి మీద అప్పుడే మొలుస్తున్న వెంట్రుకలను, చేతిలో గ్లాసును చాలాసేపు చూసింది. లేచి కూర్చుని గ్లాసు అందుకుంది.

"నా పక్కన గూడా నిలబడతావా అక్కా?"

"ఎప్పుడంట?"

"రేపు పొద్దున అంటాండారు. సంతకం పెడితే."

వార్డు వాకిట్లో చౌడప్ప సంచులు సర్దుకుని నిలబడి ఉన్నాడు. లక్ష్మక్కను ఆ సాయంత్రమే ఇంటికి పంపిస్తామన్నారు. ముగ్గురూ కలిసి ఐదు గంటల బస్సుకు పోవాలని అనుకున్నారు.

"చౌడప్పా, మీరిద్దరూ పోండి" అంది కదిరమ్మ. "నేను ఎల్లుండి వస్తా" అని నర్సును పిలవడానికి పోయింది.